చిక్కటి ద్రవానికి గాలి అందాలంటే: బబుల్ కాలమా, అజిటేటర్ ట్యాంకా?

మొన్న కాలేజీ జూనియర్ ఒకతను ఫోన్ చేశాడు. "అక్కా, మా ల్యాబ్‌లో పాత బబుల్ కాలమ్ ఒకటుంది, సీల్ పాడైన ఫెర్మెంటర్ ఒకటుంది. నా ప్రాజెక్టు జాంథన్ లాంటి గమ్ తీయడం. కాలమ్‌లో కదిలే భాగమే లేదు కదా, దాంతోనే కానిచ్చేయనా? సీల్ బాగుచేయించాలంటే డబ్బులు, మళ్ళీ సంతకాలు..."

వెంటనే సరే అనలేకపోయాను. నీళ్ళలాంటి ద్రవమైతే ఆ మాటే అనేదాన్ని. జాంథన్ అంటే బ్యాక్టీరియా తయారుచేసే జిగురు, అది అలా కాదు. బ్యాచ్ మొదలైన రోజు నీళ్ళలా ఉంటుంది, మూడో రోజుకి గరిటె నిలబడేంత చిక్కబడుతుంది. ఆ రెండు రోజులకూ ఒకే పరికరం సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న. ఫోన్లో అరగంట మాట్లాడినా సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. హైదరాబాద్‌లో జీనోమ్ వ్యాలీలోనో జీడిమెట్లలోనో పైలట్ ప్లాంటులో పనిచేసే పిల్లలకు కూడా ఇదే సందేహం వస్తుంటుంది.

ముందు కాలమ్ గొప్పతనం చెప్పాలి. నిలువుగా నిలబెట్టిన గొట్టం, అడుగున గాలి వదిలే స్పార్జర్, పైన గాలి బయటికి పోయే దారి. మోటారు లేదు, షాఫ్ట్ లేదు, కాబట్టి షాఫ్ట్ సీల్ కూడా లేదు. ఫెర్మెంటేషన్ చేసినవాళ్ళకి ఇదెంత ఊరటో తెలుసు. బయటి క్రిమి లోపలికి దూరే దారుల్లో సీల్ ఒకటి. కరెంటు లెక్క కూడా కాలమ్ వైపే ఉంటుంది. గాలి ప్రవాహాన్ని కాలమ్ అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే ఒక వేగం వస్తుంది. అది సెకనుకు 5 సెంటీమీటర్లు ఉంటే, ఘనమీటరు ద్రవానికి గాలి అందించే శక్తి సుమారు అర కిలోవాట్. కంప్రెసర్ నష్టాలు వేరే అనుకోండి. అజిటేటర్ ట్యాంకులో, అంటే ఆ ఫెర్మెంటర్‌లా మోటారుతో బ్లేడ్లు తిరిగేదానిలో, మామూలుగానే 1 నుంచి 3 కిలోవాట్లు పోతాయి, చిక్కటి బ్రాత్‌కి (సూక్ష్మజీవి పెరిగే ద్రవానికి) ఇంకా ఎక్కువ.

నీళ్ళలో ఆ వేగం 3 నుంచి 5 సెంటీమీటర్ల దాకా ఉన్నంతసేపూ బుడగలు ఇంచుమించు ఒకే సైజులో, కాలమ్ అంతా పరుచుకుని లేస్తాయి. చూడటానికి కూడా అందంగా ఉంటుంది. అది దాటితే పెద్ద బుడగలు పుట్టి ద్రవాన్ని గిలక్కొడతాయి. అయినా పని బాగానే జరుగుతుంది. ఇక్కడివరకూ కాలమే మేలు.

ఇప్పుడు చిక్కదనం సంగతి. రంజాన్ నెలలో మన ఊళ్ళో హలీమ్ భట్టీ దగ్గర పది నిమిషాలు నిలబడండి. డేగ్‌లో గోధుమలు, మాంసం, పప్పు కలిసి ముద్దయ్యాక ఆవిరి సన్నటి బుడగలుగా రాదు. అడుగున ఎక్కడో పోగై, ఒక దారి చేసుకుని, పైకొచ్చి బుడుక్కున పగులుతుంది. తర్వాతి బుడగ కూడా దాదాపు అదే చోట వస్తుంది. ఆ దారికి జానెడు దూరంలో ఉన్న హలీమ్ కదలనే కదలదు. అందుకే ఇద్దరు మనుషులు పెద్ద కట్టెలతో గంటల తరబడి ఘోటా కొడతారు. కొట్టకపోతే అడుగంటుతుంది. బబుల్ కాలమ్‌లో జాంథన్ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గరి పోలిక దొరకలేదు.

ఆ దారి ఎందుకు ఏర్పడుతుంది? నీళ్ళు, గ్లిసరాల్, వంటనూనె లాంటివాటిని మెల్లగా కలిపినా గట్టిగా కలిపినా, వేడి మారనంతవరకు చిక్కదనం మారదు. వీటిని న్యూటోనియన్ ద్రవాలంటాం. జాంథన్, సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే చిక్కబరిచే పొడి) ద్రావణాలు అలా కాదు, కలిపేకొద్దీ పలచబడతాయి. దోసె పిండి చూడండి, గరిటె తిప్పుతుంటే జారుతుంది, వదిలేస్తే బుడగలను పట్టుకుని కూర్చుంటుంది. ఇలాంటి ద్రవంలో బుడగ పైకి పోతూ తన వెనక పలచబడిన బాట ఒకటి వదులుతుంది. వెనకాల వచ్చే బుడగకి అందులో అడ్డు తక్కువ. అది వేగం పుంజుకుని ముందుదాన్ని అందుకుంటుంది, రెండూ కలిసిపోతాయి. కలిసిన బుడగ ఇంకా వేగంగా పోతుంది. కొద్ది ఎత్తులోనే గొడుగు ఆకారపు పెద్ద బుడగలు తయారవుతాయి.

వేగాలు లెక్కేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. చిక్కదనాన్ని సెంటీపాయిజ్‌లలో కొలుస్తాం. నీటికి 1 సెంటీపాయిజ్ అనుకుంటే, 1000 సెంటీపాయిజ్ ద్రవం, 2 మీటర్ల ఎత్తు తీసుకోండి. 5 సెంటీమీటర్ల గొడుగు బుడగ సెకనుకు అర మీటరు లెక్కన నాలుగు సెకన్లలో పైకొచ్చేస్తుంది. అదే ద్రవంలో 1 మిల్లీమీటరు బుడగ స్టోక్స్ సూత్రం ప్రకారం సెకనుకు అర మిల్లీమీటరే కదులుతుంది. దానికి గంట దాటుతుంది. ఒకే కాలమ్, ఒకే గాలి, ఒక బుడగకి నాలుగు సెకన్లు, ఇంకోదానికి గంట.

ఈ రెండింటిలో ఏదీ సూక్ష్మజీవికి సరిగా పనికిరాదు. పెద్ద బుడగలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది, కానీ ద్రవానికి తగిలే ఉపరితలం తక్కువ, ఇచ్చే టైమూ తక్కువ. చిన్న బుడగకి టైము బోలెడు, కానీ దానిలోని ఆక్సిజన్ కాసేపటికే అయిపోతుంది. ఆ తర్వాత అది ఉత్త నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ మూటగా తిరుగుతుంటుంది. ఇటు ద్రవంలో నిల్వ ఉండే ఆక్సిజనా, 30 డిగ్రీల దగ్గర గాలితో సంతృప్తమైన నీటిలోనే లీటరుకు 7.5 మిల్లీగ్రాములు. జాంథన్ తీసే జాంథోమోనాస్ బ్యాక్టీరియా ఆక్సిజన్ లేకుండా బతకదు. అది పెరిగే వేడి కూడా 28 నుంచి 30 డిగ్రీలే. కాబట్టి సరఫరా ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కాలమ్ ఎలా పనిచేస్తోందో చెప్పడానికి అందరూ ముందు కొలిచేది గ్యాస్ హోల్డప్, అంటే మొత్తంలో గాలి వాటా. గాలి లేనప్పుడు 100 సెంటీమీటర్లున్న మట్టం గాలి వదిలాక 125కి పెరిగితే, 125లో 25 గాలిది, అంటే 20 శాతం. నీళ్ళకి ఇది మంచి కొలతే. చిక్కటి ద్రవానికి మాత్రం దీన్ని ఒంటరిగా నమ్మకూడదు. కదలకుండా కూర్చున్న చిన్న బుడగలు కూడా మట్టాన్ని పెంచుతాయి. హోల్డప్ పర్వాలేదనిపిస్తుంది, లోపల సూక్ష్మజీవి మాత్రం ఊపిరాడక కొట్టుకుంటుంది.

నిజం తెలుసుకునే పద్ధతి చాలా సులువు, ఖర్చు కూడా లేదు. నడుస్తున్న కాలమ్‌కి గాలి వాల్వు ఠక్కున కట్టేసి మట్టం ఎలా దిగుతుందో ఫోన్‌తో వీడియో తీయండి. మొదటి కొన్ని సెకన్లలో మట్టం గబుక్కున పడుతుంది, అవి పెద్ద బుడగలు. తర్వాత మెల్లగా, నిమిషాలు, ఒక్కోసారి గంటలు పడుతుంది, అవి చిన్నవి. నీళ్ళలో ఈ రెండో భాగం కనిపించదు. జాంథన్‌లో అదే మిగిలిపోతుంది. గమనించారా, అదే ప్రయోగం రెండోసారి చేస్తే మొదలుపెట్టే మట్టమే మారిపోయి ఉంటుంది. పాత బుడగలు ఇంకా లోపలే ఉన్నాయి మరి.

నిజానికి కొద్దిపాటి చిక్కదనం కాలమ్‌కి మేలు కూడా చేస్తుంది. 3 సెంటీపాయిజ్ దగ్గరివరకు హోల్డప్ కొంచెం పెరగడం చాలా ప్రయోగాల్లో కనిపించింది. బుడగలు నెమ్మదిస్తాయి, కానీ ఇంకా కలిసిపోవు. అది దాటాక దిగుడే. ఆక్సిజన్ ద్రవంలోకి చేరే వేగాన్ని నిర్ణయించే గుణకాన్ని కేఎల్ఏ అంటాం. సీఎంసీ ద్రావణాల మీద 1982లో డెక్వెర్ బృందం, 1984లో గాడ్బోలే బృందం ఇచ్చిన సూత్రాల్లో చిక్కదనం మీది ఘాతం -0.84, -1.01. అంటే చిక్కదనం రెట్టింపైతే కేఎల్ఏ ఇంచుమించు సగం. పదింతలైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

సరే, కలిపేకొద్దీ చిక్కదనం మారే ద్రవానికి సూత్రంలో ఏ చిక్కదనం వేయాలి? ఇది నన్ను ఉద్యోగంలో చేరిన కొత్తలో నెల రోజులు సతాయించిన ప్రశ్న. 1977లో నిషికావా బృందం గోడ దగ్గర వేడి మార్పిడి కొలిచి ఒక నియమం చెప్పింది. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో రాసి 5000తో గుణిస్తే ద్రవంలో సగటు షియర్ రేటు, అంటే ద్రవం పొరలు ఒకదానిమీద ఒకటి జారే తీవ్రత, వస్తుందని. తర్వాతివాళ్ళు అది ఎక్కువ అన్నారు, 2800 అనీ 1500 అనీ తగ్గించారు. తేడా కాగితం మీద చిన్నదే అనిపిస్తుంది. ఇలాంటి ద్రవాల చిక్కదనాన్ని రెండు అంకెలతో చెబుతాం: ఎంత చిక్కనో చెప్పేది కె, కలిపితే ఎంతగా పలచబడుతుందో చెప్పేది ఎన్. ఒక ద్రవానికి కె విలువ 5, ఎన్ విలువ 0.3 అనుకోండి, గాలి వేగం సెకనుకు 5 సెంటీమీటర్లు. 5000తో గుణించి వచ్చిన షియర్ రేటు దగ్గర చిక్కదనం 105 సెంటీపాయిజ్ వస్తుంది. 1500తో గుణిస్తే 244. గోడ పక్కన, మూలల్లో షియర్ రేటు 1కి పడిపోయినచోట అదే ద్రవం 5000 సెంటీపాయిజ్. ఒకే కాలమ్‌లో బుడగల దారిలో పలచటి కల్లు, గోడ పక్కన గట్టి బెల్లం పాకం. సగటు తీసుకుని ఒక్క అంకె రాస్తే ఈ తేడా మొత్తం కనుమరుగవుతుంది. అందుకే ఎవరైనా సూత్రంతో కాలమ్ సైజు తేలుస్తానంటే, ఏ షియర్ రేటు వాడారని మొదట అడుగుతాను.

ఇంకో ముచ్చట. పాలీఅక్రిలమైడ్ లాంటి సాగే గుణమున్న ద్రావణాల్లో బుడగ సైజు కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే, ఒక సైజు దగ్గర వేగం ఉన్నట్టుండి కొన్ని రెట్లు పెరుగుతుంది. 1965లో అస్టరీటా, అపుజో దీన్ని చూశారు. బుడగ తోక కూడా కన్నీటి చుక్కలా మొనదేలుతుంది. దాని వెనక ద్రవం పైకి కాకుండా కిందికి ప్రవహిస్తుందని 1979లో హస్సాగర్ చూపించాడు. మన పోలికకి ఇది పెద్దగా అవసరం లేదు, కానీ పారదర్శకమైన గొట్టంలో ఒకసారైనా చూడవలసిన దృశ్యం.

ఇక అజిటేటర్ ట్యాంకు. ఇది ఘోటా కొట్టే మనిషి. బ్లేడు పక్కన షియర్ చాలా ఎక్కువ కాబట్టి జాంథన్ అక్కడ బాగా పలచబడుతుంది, పెద్ద బుడగలు చీలిపోతాయి, ఉపరితలం పెరుగుతుంది. కలిసిపోయిన బుడగలు మళ్ళీ బ్లేడు దగ్గరికొచ్చి మళ్ళీ చీలతాయి. కాలమ్‌లో ఈ రెండో అవకాశమే లేదు. స్పార్జర్ దాటి వచ్చాక బుడగను చీల్చేదెవరూ లేరు. అందుకే చిక్కటి బ్రాత్‌కి సన్నటి రంధ్రాల సింటర్డ్ స్పార్జర్ కొనమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. పుట్టిన సన్న బుడగలు కొద్ది ఎత్తులోనే కలిసిపోతాయి, రంధ్రాలు గమ్‌తో మూసుకుపోవడం మాత్రం ఖాయం.

అయితే అజిటేటర్ పెట్టగానే అయిపోలేదు. జాంథన్‌కి కదలాలంటే కనీసం కొంత బలం కావాలి, అంతకంటే తక్కువైతే ఘనపదార్థంలా నిలబడుతుంది. చిన్న రష్‌టన్ టర్బైన్ (నిలువు బ్లేడ్లున్న చక్రం) పెట్టి గిరగిరా తిప్పితే దాని చుట్టూ ఒక గుహ ఏర్పడుతుంది. గుహలో తుఫాను, బయట నిశ్శబ్దం. మోటారు తిరుగుతోంది, ఆంపియర్లు చూపిస్తోంది, పైనుంచి చూస్తే నడిమధ్య కదులుతోంది, గోడ పక్కన సూక్ష్మజీవి గాలి లేక పడి ఉంటుంది. వేగం పెంచుదామంటే కరెంటు ఒప్పుకోదు. కల్లోల ప్రవాహంలో వేగం రెట్టింపు చేస్తే శక్తి ఎనిమిది రెట్లు. గాలి ఎక్కువ వదిలితే ఇంపెల్లర్, అంటే ఆ తిరిగే బ్లేడ్ల చక్రం, గాలిలో మునిగి ఊరికే తిరుగుతుంది. అందుకే పెద్ద వ్యాసమున్న, వెడల్పాటి బ్లేడ్ల ఇంపెల్లర్లు, ఒకే షాఫ్ట్ మీద రెండో మూడో కావాలి. నేను పనిచేసిన ఒకచోట టర్బైన్ మార్చకుండా మోటారు మాత్రం పెద్దది పెట్టించారు. రెండు బ్యాచ్‌లు వృథా అయ్యాకే అసలు లోపం ఇంపెల్లర్ సైజులో ఉందని ఒప్పుకున్నారు. ఆ రెండు బ్యాచ్‌ల కోసం నైట్ షిఫ్టుల్లో మేలుకున్న ఆపరేటర్ల ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

వేడి కూడా మర్చిపోవద్దు. మోటారు ద్రవంలోకి పంపిన ప్రతి కిలోవాటూ చివరికి వేడే అవుతుంది. చిక్కటి ద్రవం ఆ వేడిని జాకెట్‌కి సరిగా అందించదు. మే నెలలో మన ఎండకి, 28 డిగ్రీల బ్రాత్‌కి చిల్లర్ నీళ్ళు లేకుండా గడవదు. అజిటేటర్ ఖర్చు లెక్కేసేటప్పుడు దీన్ని కూడా కలపాలి.

మధ్యేమార్గంగా ఎయిర్‌లిఫ్ట్ పేరు చెబుతారు. కాలమ్ లోపల ఇంకో గొట్టం పెట్టి, ద్రవం ఒకవైపు పైకి, ఇంకోవైపు కిందికి తిరిగేలా చేస్తారు. ఇంగ్లండ్‌లోని బిల్లింగ్‌హామ్‌లో ఐసీఐ సంస్థ 1500 ఘనమీటర్లదాన్ని నడిపింది. క్వార్న్ అనే బూజు ప్రోటీన్ కూడా అక్కడే ఎయిర్‌లిఫ్ట్‌లో తయారైంది. దాన్ని చూపించి చిక్కటి బ్రాత్‌కి ఇదే చాలంటారు. కానీ అక్కడ నిరంతర పద్ధతి, కొత్త పోషకం పోస్తూ పెరిగిన బూజును తీసేస్తూ సాంద్రతను అదుపులో పెడతారు. బ్యాచ్ చివరికి 2, 3 శాతం గమ్ చేరే జాంథన్‌లో ద్రవం తిరగడమే కష్టమవుతుంది. తిరగని ఎయిర్‌లిఫ్ట్ ఇరుకైన బబుల్ కాలమ్‌తో సమానం. బుల్లి ఉండలుగా పెరిగే బూజులకి, షియర్ తట్టుకోలేని కణాలకి నేను దాన్నే ఎంచుకుంటాను. గమ్‌కి మాత్రం కాదు.

మరి కాలమ్‌ని పూర్తిగా వదిలేయాలా? అక్కర్లేదు. కొన్ని పదుల సెంటీపాయిజ్ దాకా, సీల్ భయం ఎక్కువున్న పనికి, కరెంటు బిల్లు బరువయ్యేచోట, నేను ఇప్పటికీ కాలమ్ అనే అంటాను. అది దాటాక కూడా రంధ్రాల పళ్ళేలు అంచెలంచెలుగా పెట్టి పెద్ద బుడగలను చీల్చొచ్చు. గాలికి బదులు శుద్ధ ఆక్సిజన్ కలిపితే 21 శాతం నుంచి 100 దాకా పోవచ్చు, ఆక్సిజన్‌ని ద్రవంలోకి తోసే బలం దాదాపు ఐదు రెట్లవుతుంది. కానీ అదే బుడగ, అదే దారి. గోడ పక్కనున్న ద్రవం కదలదు. చిక్కదనం వందలు దాటి, పైగా నిలబడిపోయే గుణం కూడా వచ్చిందంటే, ఇంపెల్లర్ సరిగా ఎంచుకున్న ట్యాంకే మేలు. కరెంటు మూడింతలైనా సరే, అందని ఆక్సిజన్‌కి చవక ధర పెట్టి లాభం లేదు.

ల్యాబ్‌లో పోల్చి చూడాలనుకునేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు. కాలమ్ వ్యాసం 15 సెంటీమీటర్లకి తగ్గకూడదు. చిక్కటి ద్రవానికి ఇంకా పెద్దదైతే మంచిది. సన్నటి గొట్టంలో బుడగలు గొట్టం నిండా సాగి పిస్టన్లలా లేస్తాయి. ఒక మీటరు వ్యాసమున్న ప్లాంటు కాలమ్‌లో అలా జరగదు, కాబట్టి ఆ అంకెలు ప్లాంటుకి పనికిరావు. అక్రిలిక్ గొట్టం, గాలి ప్రవాహం కొలిచే రోటామీటరు రాణిగంజ్‌లో వెతకొచ్చు. సీఎంసీ పొడిని నీళ్ళలో ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండలు కడుతుంది, రవ్వ ఉప్మాకి పోసినట్టు కలుపుతూ సన్నగా చల్లాలి, రాత్రంతా నాననివ్వాలి. గ్లిసరాల్ వాడి చిక్కదనం సరిపెట్టాననుకోవద్దు, అది పలచబడదు, బుడగ వెనక బాట వదలదు. ద్రవంలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ ప్రోబ్‌ని నిలిచిపోయిన ద్రవంలో ముంచితే దాని పొర దగ్గరి ఆక్సిజన్ అదే తినేసి తక్కువ చూపిస్తుంది, కదలిక ఉన్నచోట పెట్టాలి. నైట్రోజన్‌తో ఆక్సిజన్‌ని తరిమేసి మళ్ళీ గాలి వదిలే పద్ధతిలో కేఎల్ఏ కొలుస్తుంటే, లోపల చిక్కుకున్న పాత బుడగలు ఫలితాన్ని తారుమారు చేస్తాయి. అవి పోయేదాకా ఆగండి, ఎంతసేపైనా.

మా జూనియర్‌కి చివరికి చెప్పిందిదే: "కాలమ్‌లో ముందు ఒక శాతం సీఎంసీ పోసి, సాయంత్రం గాలి ఆపేసి ఇంటికెళ్ళు. పొద్దున్నే వచ్చి చూసి నువ్వే నిర్ణయించుకో."

మర్నాడు ఎనిమిదింటికి ఫోటో పంపాడు. రాత్రంతా గాలి లేకపోయినా కాలమ్ పొడుగునా సన్నటి బుడగలు, వేలాడదీసిన పూసల్లా, ఎక్కడివక్కడే ఉన్నాయి. కింద ఒక లైను రాశాడు: "సీల్ కొలతలు తీసుకుని బాలానగర్ వెళ్తున్నా అక్కా. ఇంపెల్లర్ సైజు కూడా చెప్పు, ఒకేసారి చేయించుకొస్తా."